నిద్రలేని వైద్యుడు - సహానుభూతి

చదువులో చేరినప్పుడు జాలిగుండెతో ఉన్న కుర్రవాడు డాక్టరయ్యేసరికి బండబారిపోతున్నాడనే ఫిర్యాదు కొత్తది కాదు. దానికి కారణాన్ని అతని స్వభావంలోనో, 'విలువల పతనం'లోనో వెతకటం కూడా పాత అలవాటే. అతను ఎన్ని గంటలు, ఎవరి అదుపులో పనిచేస్తున్నాడనే ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఈ విషయంలో అమెరికా చరిత్రను చూడాలి. నేటి రెసిడెన్సీ పద్ధతి రూపుదిద్దుకున్నది అక్కడే.

1889లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరిచారు. అక్కడ శస్త్రచికిత్స విభాగాన్ని నడిపిన విలియం హాల్‌స్టెడ్ పద్ధతిలో, శిక్షణ పొందే డాక్టరు ఆసుపత్రిలోనే కాపురముండాలి. 'రెసిడెంట్' అనే మాటకు మూలార్థమదే. తిండి, పడక, పని ఒకే కప్పు కింద. పెళ్లి, సంసారం తర్వాతి మాట. హాల్‌స్టెడ్ స్వయంగా కొకెయిన్‌కూ, ఆ తర్వాత మార్ఫిన్‌కూ బానిస. సహచరుడు విలియం ఆస్లర్ రహస్యంగా రాసిపెట్టిన ఆ సంగతి 1969లో గాని బయటికి రాలేదు. కొకెయినే ఆ పనిగంటలకు మూలమనే వ్యాఖ్యానం నాకు మరీ సులువుగా తోస్తుంది. ఒక మనిషి వ్యసనం వందేళ్లు నిలవదు; చౌకగా దొరికే చదువుకున్న శ్రమ నిలుస్తుంది.

అదే ఏడు ఆస్లర్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేసిన 'ఈక్వానిమిటాస్' ప్రసంగంలో, చలించని నిబ్బరమే డాక్టరుకు ముఖ్యగుణమన్నాడు. కత్తి పట్టిన చెయ్యి వణకకూడదన్నంత మేరకు అది న్యాయమే. కానీ నిబ్బరానికీ బండతనానికీ మధ్య గీత 36 గంటలు నిద్రలేని కళ్లకు ఆనదు.

ఆ గీత చెరిగిపోవటాన్ని నవల చేసినవాడు శామ్యూల్ షెమ్. బోస్టన్‌లో తన ఇంటర్న్‌షిప్ అనుభవంతో రాసి 1978లో ప్రచురించిన 'ది హౌస్ ఆఫ్ గాడ్'లో కుర్ర డాక్టర్లు ముసలి రోగులను 'గోమర్లు' అంటారు. 'నా ఎమర్జెన్సీ గదిలోంచి పో' అనే ఇంగ్లీషు వాక్యంలోని తొలి అక్షరాల కూర్పు అది. నవలలో స్త్రీల చిత్రణ హీనంగా ఉందన్న విమర్శ సబబే. అయినా, రోగిని వదిలించుకోవలసిన బరువుగా మార్చే పనిపద్ధతిలోంచి ఒక తిట్టు ఎలా పుడుతుందో అంత సూటిగా చూపిన రచన మరొకటి నాకు తెలియదు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 'బర్నౌట్'ను కొలిచే ప్రశ్నావళి ప్రచురించారు. మానసికంగా పిండిపోవటం, ఎదుటివారిని మనుషులుగా చూడలేకపోవటం, చేసిన పనిలో సార్థకత కనిపించకపోవటం - ఇవి దాని మూడు ముఖాలు. మార్క్స్ 1844 రాతప్రతుల్లోని పరాయీకరణను చదివినవారికి ఇది ఎరిగిన ముఖమే.

1984 మార్చిలో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలకే చనిపోయింది. రాత్రి ఆమెను చూసినవారు శిక్షణలో ఉన్న డాక్టర్లు. తండ్రి పత్రికా రచయిత కనుక వ్యవహారం చల్లారలేదు. (కలం లేని తండ్రుల బిడ్డల మాట చరిత్రకెక్కలేదు.) గ్రాండ్ జ్యూరీ డాక్టర్లపై నేరం మోపక శిక్షణ పద్ధతినే తప్పుపట్టింది. 1989లో ఆ రాష్ట్రం వారానికి 80 గంటలు, వరసగా 24 గంటలు మించరాదంది. దేశమంతటా 80 గంటల హద్దు 2003లో వచ్చింది. 1886లో 8 గంటల పనిదినం కోసం చికాగో కార్మికులు పోరాడిన దేశంలో ఇది సంస్కరణ! మన దేశంలో 1992 కేంద్ర రెసిడెన్సీ పథకం 48 గంటలని కాగితం మీద రాసింది. 2023 పీజీ నియమాలు 'సముచితమైన' గంటలని ఊరుకున్నాయి.

ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాల విద్యార్థుల సహానుభూతి మూడో ఏట పడిపోతున్నదని 2009లో హోజత్ బృందం ప్రకటించింది. మూడో ఏడంటే పుస్తకం వదిలి రోగి మంచం దగ్గరికి వెళ్లే ఏడు.

సాహిత్యకారులకు పిలుపు వస్తున్నది ఇక్కడే. 2000లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రీటా చారన్ 'కథన వైద్యం' అనే కార్యక్రమం మొదలుపెట్టిన తర్వాత, వైద్య విద్యార్థులచేత కథలు చదివించటం చాలాచోట్ల పాకింది. రోగి కథ వినగల డాక్టరు మెరుగైన డాక్టరే, సందేహం లేదు. కానీ రాత్రంతా డ్యూటీ చేసినవాడికి నిద్ర ఇవ్వకుండా చెహోవ్‌ను ఇస్తే ఆ బేరంలో లాభం యాజమాన్యానిదే. డాక్టరైన ఆ చెహోవే 1892లో 'వార్డు నంబర్ 6' రాశాడు. అందులో డాక్టరు రాగిన్ జీతంలో సగం పుస్తకాలకే పెడతాడు. రోజూ ఆసుపత్రికి వెళ్లటం మాత్రం మానేస్తాడు.