తప్పు రాజుకి అంటగట్టిన ముద్ర

ఎల్యాకీము ఎవరో మనకి తెలియదు. యూదా రాజ్యంలో యోకాను అనే పెద్దమనిషి దగ్గర పనులు చూసుకునే మనిషి, అంతవరకే. అతని పేరు చెక్కిన చిన్న ముద్ర ఒకటి ఉండేది. కుమ్మరి జాడీకి పిడులు అతికించాక, మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే, ఆ ముద్రని పిడి మీద నొక్కారు. పాత హీబ్రూ లిపిలో మూడే మూడు మాటలు పడ్డాయి: ఎల్యాకీముది, సేవకుడు, యోకాను. ఆ మూడు మాటలు పట్టుకుని ఇరవయ్యో శతాబ్దపు బైబిలు పురావస్తు శాస్త్రం ఒక రాజుని, ఆయన ఆస్తిపాస్తుల్ని, కొన్ని ఊళ్ల కాలనిర్ణయాన్ని నిలబెట్టింది. నలభై ఏళ్లకి పైగా అది చెక్కుచెదరలేదు. తీరా చూస్తే లెక్క వందేళ్లు తప్పింది.

ఇలాంటి ముద్ర పిడులు యూదా నేలలో బోలెడు దొరికాయి. వాటిలో ఎల్యాకీము లాంటి మామూలు మనుషుల పేర్లున్నవి కొన్ని. ఎక్కువ భాగం రాజముద్రలు. నడుమ నాలుగు రెక్కల పేడపురుగు గానీ రెండు రెక్కల సూర్యబింబం గానీ ఉంటుంది. పైన 'రాజుది' అని, కింద ఒక పేరు. ఆ పేర్లు నాలుగే: హెబ్రోను, జీఫు, శోకో, మ్మ్‌ష్త్. మొదటి మూడూ బైబిలు చదివేవాళ్లకి తెలిసిన ఊళ్లే. నాలుగోది ఏ గ్రంథంలోనూ లేదు. హల్లులే రాసే లిపి కాబట్టి దాన్ని ఎలా పలకాలో కూడా తేలలేదు. ఇది యెరూషలేముకే ఇంకో పేరని వాదించినవాళ్లున్నారు, ఋజువు మాత్రం రాలేదు.

పిడిని దగ్గరగా చూస్తే తప్పులకి సగం కారణం అక్కడే దొరుకుతుంది. ఈ జాడీ సుమారు రెండడుగుల ఎత్తుంటుంది. భుజాల దగ్గర వెడల్పు, అడుగున సన్నం, నాలుగు పిడులు. పిడి నున్నగా ఉండదు, పొడుగునా రెండు గట్లు తేలి ఉంటాయి. ముద్ర వేసే మనిషి ఆ గట్ల మీదే హడావిడిగా నొక్కేవాడు. గట్టు మీద పడిన అక్షరం అణిగిపోతుంది, పల్లంలోకి వచ్చిన అక్షరం అసలు పడదు. ఒకే చోట రెండుసార్లు నొక్కినవీ ఉన్నాయి. ఇలాంటి ముక్క చేతికొస్తే, కనిపించిన రెండు మూడు అక్షరాలకి మిగతాది ఊహించి పూరించాలి. ఊహ ఎటు పోతే పుస్తకం అటు పోతుంది.

మొదటి తప్పు మొదటి పిడులతోనే వచ్చింది. 1860ల చివర్లో బ్రిటిష్ సైనిక ఇంజినీరు చార్లెస్ వారెన్ యెరూషలేము ఆలయ ప్రాకారం పక్కన నిలువు సొరంగాలు తవ్వించాడు. అప్పుడు దొరికిన పిడుల మీది రాతని బ్రిటిష్ మ్యూజియం పండితుడు శామ్యూల్ బర్చ్ రాజుల పేర్లుగా చదివాడు. అలా 'జెఫా' అనే రాజు ఒకడు అచ్చులోకి ఎక్కాడు. నిజానికి అది జీఫు, ఊరి పేరు. 1898 నుంచి 1900 దాకా బ్లిస్, మెకాలిస్టర్ యూదా పడమటి కొండపాదాల్లో నాలుగు దిబ్బలు తవ్వి మరిన్ని పిడులు తీశాక, అవి ఊళ్ల పేర్లని క్లెర్మాన్-గానో వంటి పండితులు తేల్చారు. జెఫా రాజు ముప్పై ఏళ్లు ఏలి సెలవు తీసుకున్నాడు. ఆయన వల్ల ఎవరికీ పెద్దగా నష్టం జరగలేదు.

ఎల్యాకీము సంగతి అలా కాదు.

అమెరికా పండితుడు విలియం ఆల్‌బ్రైట్ తెల్ బీత్ మిర్సిం అనే దిబ్బ తవ్వుతుండగా 1928లో ఒకటి, 1930లో ఒకటి ఎల్యాకీము పిడులు దొరికాయి. 1930లోనే బేత్షెమెషులో ఇంకొకటి బయటపడింది. మూడూ ఒకే ముద్రతో వేసినవి. వేర్వేరు ఊళ్లలో ఒకే మనిషి ముద్ర ఉందంటే అతను చిన్నాచితకా మనిషి కాడని ఆల్‌బ్రైట్ అనుకున్నాడు. అక్కడిదాకా సబబే. ఆ తర్వాత యోకాను అంటే యెహోయాకీను రాజే అన్నాడు. రాజులు రెండవ గ్రంథం 24వ అధ్యాయంలో ఉన్న కథ ఇది: పద్దెనిమిదేళ్ల కుర్రవాడు మూడు నెలలు ఏలి, క్రీ.పూ. 597లో నెబుకద్నెజరుకి లొంగి బబులోనుకి బందీగా పోయాడు. ఆయన పరదేశంలో ఉంటే ఇక్కడ ఆయన ఆస్తిని చూసుకున్న గుమాస్తాయే ఎల్యాకీము అని 1932లో ఆల్‌బ్రైట్ వ్యాసం రాశాడు. 1939లో బబులోను పలకలు అచ్చయ్యాయి. అందులో బందీ రాజుకి నూనె కొలిచి ఇచ్చిన లెక్కలున్నాయి, ఆయన్ని యూదా రాజనే రాశారు. ఇంకేం కావాలి? సాక్ష్యం మీద సాక్ష్యం కలిసినట్టు కనిపించింది.

కలవనిది ఒకటుంది. ముద్ర మీద 'రాజు' అన్న మాట లేదు. రాజుగారి గుమాస్తా తన ముద్ర మీద రాజు బిరుదు మానేస్తాడా? ఈ అనుమానం ఎవరికైనా రావలసిందే. కానీ అప్పటికి ఆల్‌బ్రైట్ మాట ఆ రంగంలో శిలాశాసనం. పైగా బైబిల్లో పేరు దొరికితే పండితులకి ఆగడం కష్టం. ఆ మాటకొస్తే యెహోయాకీను తండ్రి అసలు పేరూ ఎల్యాకీమే. హిజ్కియా రాజు గృహనిర్వాహకుడి పేరూ ఎల్యాకీమే, అతను హిల్కీయా కొడుకు. ముద్ర మీది ఎల్యాకీము వీళ్లలో ఎవరూ కాడు. అది ఆ రోజుల్లో వాడుకలో ఉన్న పేరు.

అసలు నష్టం ఇక్కడ జరిగింది. యెహోయాకీను కాలం తేదీలతో సహా తెలుసు కాబట్టి, ఎల్యాకీము పిడి దొరికిన పొర క్రీ.పూ. 587లో బబులోనువాళ్లు తగలబెట్టినదే అన్నారు. ఆ పొరలోని కుండలకీ అదే తేదీ వేశారు. అలాంటి కుండలు ఇంకో ఊళ్లో దొరికితే ఆ ఊరి పొరకీ అదే తేదీ. ఒకరి పూచీకత్తు మీద ఇంకొకరికి, ఆ ఇంకొకరి పూచీ మీద మరొకరికి అప్పిచ్చుకుంటూ పోయినట్టు. అందరికీ మొదటి హామీదారు ఎల్యాకీము. అతన్ని ఎవరూ మళ్లీ పిలిచి అడగలేదు.

అడిగింది లాకీషు. యెరూషలేము తర్వాత యూదాలో అంత పెద్ద కోట అది. యూదాని హిజ్కియా ఏలుతుండగా, క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దాన్ని ముట్టడించి పట్టుకున్నాడు. ఆ ముట్టడిని నీనెవె రాజభవనం గోడల మీద రాతిపలకల్లో చెక్కించాడు కూడా. ఆ పలకలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1932లో జేమ్స్ స్టార్కీ ఆ దిబ్బ తవ్వడం మొదలుపెట్టాడు. పైనుంచి లెక్కపెడితే రెండో పొర కాలిపోయింది, మూడో పొరా కాలిపోయింది. రాజముద్రల జాడీలు మూడో పొరలో ఉన్నాయి. రెండో పొర క్రీ.పూ. 587 నాటిదని, మూడోది పదేళ్లు ముందు 597 నాటిదని స్టార్కీ అన్నాడు. 1938 జనవరిలో యెరూషలేములో కొత్త మ్యూజియం ప్రారంభోత్సవానికి వెళ్తుండగా ఆయన్ని దారికాచి చంపేశారు.

ఆ తవ్వకాల రాతకోతల భారమంతా ఆయన బృందంలోని ఓల్గా టఫ్నెల్ మీద పడింది. యూనివర్సిటీ డిగ్రీ లేని మనిషి. లాకీషు సామగ్రి ముందేసుకుని ఇరవై ఏళ్లు కూర్చుంది. రెండు పొరల కుండలు పక్కపక్కన పెట్టి చూస్తే వాటి తీరే వేరు. పదేళ్లలో ఊరి కుమ్మరులందరూ చేతిపని తీరు మార్చుకోరు. కాబట్టి మూడో పొర సన్హెరీబు తగలబెట్టినదే, క్రీ.పూ. 701 నాటిదే అని 1953లో అచ్చేసింది. తనని పనిలో పెట్టుకున్న స్టార్కీ మాటనే కాదంది. ఆల్‌బ్రైట్ ఒప్పుకోలేదు. పురావస్తు శాస్త్రవేత్త కాథ్లీన్ కెన్యన్ ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఈ కథకి నాయిక టఫ్నెలే. మిగతావాళ్లు పేరు చదివారు, ఆమె కుండలు చూసింది.

1973లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ఉసిష్కిన్ లాకీషుని మళ్లీ తవ్వడం మొదలుపెట్టాడు. పొరలు వరసగా తీసుకుంటూ పోతే, సన్హెరీబు ముట్టడికి సరిపోయే దహనం మూడో పొరలోదొక్కటే. ఆ తర్వాత వాదించడానికి పెద్దగా చోటు మిగల్లేదు. రాజముద్రల జాడీలున్న కాలమే ఎల్యాకీము లాంటి సొంత ముద్రలదీ అని ఆయన 1976లో చూపించాడు. అంటే ఎల్యాకీము హిజ్కియా కాలంవాడు, యెహోయాకీను పుట్టడానికి దాదాపు శతాబ్దం ముందువాడు. 1990లో యోసెఫ్ గార్ఫింకెల్ ఈ ఉదంతం మొత్తం ఒక వ్యాసంగా రాసి, దీన్ని అరవై ఏళ్ల గందరగోళమని శీర్షికలోనే తేల్చేశాడు.

అదే మూడో పొర ఇంకో తప్పునీ కూల్చింది. డేవిడ్ డిరింగర్ అనే లిపి పండితుడు అక్షరాల వాటం చూసి రాజముద్రల్ని మూడు తరగతులు చేశాడు. పేడపురుగు ముద్రలు ముందువి, సూర్యబింబం ముద్రలు హిజ్కియా తర్వాత చాలాకాలానికి ఏలిన యోషీయా రాజు నాటివి అన్నాడు. మతసంస్కరణ చేసిన యోషీయా పాత చిహ్నాన్ని మార్పించాడన్న కథ కూడా దానికి తోడైంది. వినడానికి బాగుంది. లాకీషులో మాత్రం పేడపురుగు, సూర్యబింబం ఒకే మంటలో కాలి, ఒకే బూడిద కింద దొరికాయి. తర్వాత యెరూషలేములో 2009లో తవ్వి తీసి 2015లో ప్రకటించిన హిజ్కియా సొంత ముద్ర మట్టిబిళ్ల మీదా రెక్కల సూర్యబింబమే ఉంది.

జాడీ కొలత విషయమూ అంతే. రాజముద్ర ఉందంటే సర్కారు కొలతకి హామీ అని, జాడీ 'బాతు' అనే హీబ్రూ కొలతకి సరిపోతుందని పాత పుస్తకాలు లెక్కలు కట్టాయి. అప్పట్లో తవ్వినవాళ్లు ముద్రలున్న పిడులు దాచి, మిగతా పెంకులు పారబోసేవాళ్లు కాబట్టి కొలిచి చూడ్డానికి జాడీలు దాదాపు లేవు. ఉసిష్కిన్ బృందం పెంకులన్నీ ఏరి అతికించి కొలిస్తే, ఒకటి దాదాపు 40 లీటర్లు పట్టింది, ఇంకొకటి దాదాపు 52. పన్నెండు లీటర్ల తేడాతో ప్రామాణిక కొలత ఏమిటి? ఇక ఆ నాలుగు ఊళ్లలో రాజుగారి కుమ్మరి కార్ఖానాలుండేవన్న ఊహ 1984లో పోయింది. న్యూట్రాన్ పరీక్షలో మట్టి అంతా ఒకే ప్రాంతానిది, యూదా పడమటి కొండపాదాలది అని తేలింది. పిడి మీద హెబ్రోను అని ఉన్నా మట్టి హెబ్రోనుది కాదు.

జనాదరణ పుస్తకాల్లో ఇంకా నడుస్తున్న చిన్న తప్పులూ ఉన్నాయి. దొరికిన ముద్ర పిడులు రెండు వేలకి పైనే, అంటే రెండు వేల జాడీలు అని రాస్తారు. జాడీకి నాలుగు పిడులు. కొన్నిటికి నాలుగింటి మీదా ముద్ర ఉంది, కొన్నిటికి ఒకదాని మీదే, చాలా జాడీలకి అసలు లేదు. పిడుల లెక్క జాడీల లెక్క కాదు.

దిద్దిన మాటని మళ్లీ దిద్దేవాళ్లూ వచ్చారు. ఇవన్నీ సన్హెరీబు దండయాత్రకి ముందు హిజ్కియా కోటల్లో ధాన్యం, ద్రాక్షారసం, నూనె నిలవచేసిన జాడీలనేది చాలాకాలం సాగిన మాట. ఓదెద్ లిప్షిట్స్, ఒమెర్ సెర్గి, ఇదో కోఖ్ అనే పరిశోధకులు 2010లో దీన్ని ప్రశ్నించారు. కొన్ని రకాల ముద్రలు లాకీషు మూడో పొరలో లేవు, యెరూషలేములో, దాని పక్కనే రామత్ రాహేల్‌లో ఉన్నాయి. కాబట్టి అవి 701 తర్వాతివి, హిజ్కియా కొడుకు మనష్షే కాలంలోనూ ఈ పద్ధతి సాగింది, ఇది యుద్ధ సన్నాహం కాదు, అష్షూరుకి కప్పం కట్టే రాజ్యపు పన్నుల ఏర్పాటు అని వాళ్ల వాదన. ఉసిష్కిన్ ఘాటుగానే బదులిచ్చాడు. పన్నుల మాట నాకు నమ్మదగినదిగానే ఉంది. కోట ముట్టడికి సరుకు దాచుకునేవాడు ఇంత ఓపిగ్గా ఊరి పేర్లు, చిహ్నాలు చెక్కించుకుంటూ కూర్చోడు.

ఈ తేదీలు ఇప్పుడు చరిత్రకారుల గొడవగానే మిగల్లేదు. మట్టి కాలి చల్లారేటప్పుడు ఆనాటి భూమి అయస్కాంత బలం అందులో నమోదైపోతుంది. 2017లో ఎరెజ్ బెన్-యోసెఫ్ బృందం క్రీ.పూ. 8 నుంచి 2వ శతాబ్దం వరకూ ఉన్న 67 ముద్ర పిడుల్ని పరీక్షించింది. క్రీ.పూ. 8వ శతాబ్దం చివర్లో భూమి అయస్కాంత క్షేత్రం బాగా పెరిగి, తర్వాత కొద్ది దశాబ్దాల్లోనే చప్పున తగ్గిందని అందులో బయటపడింది. పిడి తేదీ తప్పితే ఆ గీత తప్పుతుంది. ఆల్‌బ్రైట్ లెక్కే ఈనాటికీ నిలిచి ఉంటే, ఎల్యాకీము పొరపాటు భూభౌతిక శాస్త్రంలోకీ పాకి ఉండేది.

మీ ఇంట్లోనో, మీ ఊరి చర్చి గ్రంథాలయంలోనో పాత బైబిలు నిఘంటువు గానీ బైబిలు పురావస్తు పుస్తకం గానీ ఉంటే, జాడీ పిడుల బొమ్మ ఉన్న పేజీ తీసి చూడండి. ఎల్యాకీము పక్కన యెహోయాకీను పేరు కనిపిస్తే, అంచున పెన్సిల్‌తో రాసి పెట్టండి: క్రీ.పూ. 8వ శతాబ్దం చివర, హిజ్కియా కాలం.