భూగర్భంలో విశ్వాసం: గోదావరిఖని గనుల పద్ధతులు – అనుసంధానం లేని యంత్రాల పరస్పర గుర్తింపు

సింగరేణి చరిత్రను ఉత్పత్తి గణాంకాలతోనో, కార్మికోద్యమాలతోనో చెప్పడం పరిపాటి. 1871లో ఇల్లెందు ప్రాంతంలో విలియం కింగ్ బొగ్గును గుర్తించడం, 1889లో తవ్వకాలు మొదలవడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడడం, ఆ తరువాతి దశాబ్దాలలో గోదావరి తీరాన రామగుండం గనులు వెలవడం అందరికీ తెలిసిన క్రమమే. ఈ క్రమంలో అంతగా పట్టించుకోని ప్రశ్న ఒకటున్నది. పైనున్న కార్యాలయాన్ని ఏ క్షణానా సంప్రదించే వీలులేని చీకటిలో, ఎదుటివాడు ఎవరో, అతని మాట ఎంతవరకు చెల్లుతుందో ఎట్లా తెలుస్తుంది?

ఈ ప్రశ్న నేడు మరొక రూపంలో ఎదురవుతున్నది. దత్తాంశాన్ని దూరపు కేంద్రానికి పంపకుండా ఉన్నచోటనే గణించే చిన్న కంప్యూటర్లను ఎడ్జ్ పరికరాలంటారు. రాతిపొరలను రేడియో తరంగాలు అంత సులువుగా దాటలేవు. కాబట్టి భూగర్భంలో మీథేన్‌ను కొలిచే పరికరం పంపిన హెచ్చరికను నమ్మి ఒక యంత్రం విద్యుత్తును ఆపవలసివస్తే, ఆ హెచ్చరిక నిజంగా ఆ పరికరానిదేనా అన్నది అంతర్జాలం తోడు లేకుండానే తేలాలి. ఈ సమస్యకు గని వ్యవస్థ ఇనుము, కాగితం, సంతకాలతో చాలాకాలం క్రితమే ఒక సమాధానం కూర్చుకున్నది.

గోదావరిఖని కార్మికులు గనిని ‘బాయి’ అంటారు. బాయిలోకి దిగేముందు హాజరు పడాలి, ల్యాంపు రూములో దీపం తీసుకోవాలి. దీపానికొక సంఖ్య ఉంటుంది, ఏ దీపం ఎవరికి ఇచ్చారో నమోదవుతుంది. షిఫ్టు ముగిసినా దీపం తిరిగి రాలేదంటే మనిషి పైకి రాలేదేమోనని వెతకాలి. ఏ క్షణంలోనైనా భూగర్భంలో ఎవరెవరున్నారో తెలిపే రిజిస్టరు ఉండాలని 1952 నాటి గనుల చట్టంలోని 48వ సెక్షన్ చెప్పింది. గుర్తింపు ఇక్కడ లోపల పుట్టడం లేదు. పైన, వెలుతురులో, మనుషులు ఒకరినొకరు చూసుకునే చోట పుట్టి, లోపలికి మోసుకుపోబడుతున్నది.

పేలుడు పని ఇంకా స్పష్టమైన ఉదాహరణ. విద్యుత్ ప్రవాహంతో మందును పేల్చే ఎక్స్‌ప్లోడరుకు ఊడదీయగల పిడి లేదా తాళంచెవి ఉండాలని, అది షిఫ్టంతా షాట్‌ఫైరర్ దగ్గరే ఉండాలని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు కట్టడి చేశాయి. యంత్రం ఎవరి చేతికి చిక్కినా అధికారం మాత్రం చెవి ఉన్నవానిదే. 1999లో ఫ్రాంక్ స్టాజానో, రాస్ ఆండర్సన్ చేసిన ప్రతిపాదన దీనికి దగ్గరి చుట్టం. గుడ్డు నుంచి వెలువడిన బాతుపిల్ల మొదట కంటబడినదాన్నే తల్లిగా ఎంచుకున్నట్టు, కొత్త పరికరం తనకు మొదట రహస్య సంకేతం ఇచ్చినవారినే యజమానిగా స్వీకరించాలని వారు సూచించారు. ఆ సంకేతాన్ని గాలిలో పంపకుండా పరికరాలను ప్రత్యక్షంగా తాకించి అందించడం మేలన్నారు. ల్యాంపు రూము కిటికీ దగ్గర జరిగేది కూడా స్వభావంలో ఇదే.

గనిలోని అన్ని ఏర్పాట్లూ ఇంత దృఢమైనవి కావు. నిలువు బావిలో పంజరాన్ని నడిపే గంటల భాషలో, కదులుతున్నప్పుడు ఒక గంట ఆగమని, రెండు గంటలు దింపమని, మూడు మనుషులు ఎక్కుతున్నారని అర్థం. గంట ఏం చెప్పిందో తెలుస్తుంది, ఎవరు కొట్టారో తెలియదు. అధికారం లేనివారు గంట ముట్టరాదన్న నిషేధమే ఇక్కడి రక్షణ. నిషేధాన్ని పాటింపజేసేది తీగ కాదు, తోటి కార్మికుని కన్ను.

కంప్యూటర్ శాస్త్రంలో ఈ విభజన 1978లో స్పష్టపడింది. ఆ ఏడాది నీధమ్, ష్రోడర్ ప్రతిపాదించిన పద్ధతిలో ఇద్దరి మధ్య నమ్మకం కుదర్చడానికి మూడో కేంద్రం అందుబాటులో ఉండాలి. అదే ఏడాది లోరెన్ కోన్‌ఫెల్డర్ డిజిటల్ ధ్రువపత్రాన్ని ప్రతిపాదించాడు. కేంద్రం ముందుగానే సంతకం చేసిన పత్రాన్ని వెంట ఉంచుకుంటే, ఎదుటివారు కేంద్రాన్ని అడగకుండానే దాన్ని సరిచూడవచ్చు. గనుల శాఖ సర్దార్‌కు, ఓవర్‌మన్‌కు ఇచ్చే యోగ్యతా పత్రం ఈ రెండో కోవలోకి వస్తుంది.

అయితే రెండో కోవకు ఒక తీరని బాధ ఉన్నది. ఇచ్చిన పత్రాన్ని పైన రద్దుచేస్తే లోపలివారికి ఎట్లా తెలుస్తుంది? పరికరం వారాల తరబడి లోపలే ఉంటే, దొంగిలించబడిన సంకేతం కూడా అన్నాళ్లూ చెల్లుతూనే ఉంటుంది. గని దీనికి చూపిన ఉపాయం కాలపరిమితి. దీపం, ఎక్స్‌ప్లోడరు చెవి ఒక షిఫ్టుకే. షిఫ్టు దిగే సర్దార్ తరువాతివానితో మాట్లాడి, శ్రద్ధ పెట్టవలసిన విషయాలన్నీ అప్పగించాలి. తనిఖీ నివేదికను పేజీల సంఖ్యలు వేసి బైండు చేసిన పుస్తకంలోనే సంతకంతో రాయాలి. విడి కాగితాన్ని ఎవరైనా మార్చవచ్చు గానీ బైండు పుస్తకంలోంచి చింపిన పుట తన ఖాళీతోనే పట్టిస్తుంది. 1991లో హేబర్, స్టోర్నెట్టా పత్రాలను ఒకదానికొకటి గొలుసుకట్టుగా ముడివేసి సాధించదలచినది కూడా ఈ గుణాన్నే.

సంతకం మాట ఎవరిదో చెబుతుంది. ఆ మాట ఇంకా నిజమేనా అన్నది దాని పరిధిలో లేదు. పరికరాల భద్రతపై జరిగే చర్చలలో ఈ భేదానికి దక్కుతున్న చోటు తక్కువ. గోదావరిఖనిలో దాన్ని తేలికగా తీసుకోలేరు. 2003 జూన్ 16న జి.డి.కె. 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు పోటెత్తి 17 మంది మరణించారు. ఆ ప్రమాద కారణాల విచారణ ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. అటువంటి ముప్పు గురించి అప్పటికే అమలులో ఉన్న నిబంధన మాత్రం ఇక్కడ ప్రస్తుతం. పాత పనులకు 60 మీటర్ల లోపుకు చేరిన తవ్వకం లిఖితపూర్వక అనుమతి లేకుండా ముందుకు సాగరాదు. సర్వేయరు సంతకమున్న నక్షా చేతిలో ఉన్నా సరే, నీటి ప్రమాదమున్న చోట తవ్వకానికి కనీసం 3 మీటర్లు ముందుగా, మధ్యలోనూ పక్కలకూ రంధ్రాలు వేసుకుంటూ పోవాలి. రంధ్రంలోంచి నీరు వస్తే నక్షా ఏం చెప్పినా పని ఆగాలి.