నొప్పి మీంచి దృష్టి మళ్లించే వైద్యం

గర్భసంచి లోపలికి సన్నని గొట్టం పంపి చూసే పరీక్షను హిస్టెరోస్కోపీ అంటారు. 1869లో పాంటలియోని అనే వైద్యుడు, నెలసరి ఆగిపోయాక రక్తస్రావం మొదలైన 60 ఏళ్ల స్త్రీకి ఈ పరీక్ష చేసి, లోపల కనిపించిన పాలిప్‌ను (చిన్న కండ పెరుగుదలను) సిల్వర్ నైట్రేట్‌తో కాల్చాడు. ఫ్రెంచి వైద్యుడు దెజోర్మో 1853లో మూత్రాశయం చూడడానికి తయారుచేసిన దీపపు గొట్టమే పాంటలియోని పనిముట్టు. తర్వాత చాలాకాలం ఇది ఎక్కువగా ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చి చేసే పరీక్షగానే ఉండిపోయింది. 1990లలో గొట్టాలు 5 మిల్లీమీటర్ల లోపుకు సన్నబడ్డాయి. ఇటలీలోని బారీలో స్టెఫానో బెట్టొకీ, స్పెక్యులం గానీ గర్భాశయ ముఖాన్ని పట్టే పటకారు గానీ లేకుండా గొట్టం పంపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అలా పరీక్ష అవుట్‌పేషెంట్ గదికి మారింది. మత్తు అక్కర్లేదు, రోగి అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు, ఆసుపత్రికీ ఖర్చు తగ్గుతుంది. అయితే నొప్పి ఎంతైనా ఆమె మెలకువగానే భరించాలి.

ఆ నొప్పికి రెండు దారులున్నాయి. గర్భాశయ ముఖం నుంచి అది వెన్ను అడుగున ఉన్న త్రిక నరాల గుండా పోతుంది. గర్భసంచి పైభాగం నుంచి ఛాతీ కింది నరాల గుండా వెన్నుపామును చేరుతుంది. అందుకే ముఖద్వారం దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చినా, లోపల నీరు నింపి గర్భసంచిని ఉబ్బించినప్పుడు పొత్తికడుపులో నులిమినట్టు ఉంటుంది.

స్త్రీల నొప్పికి మందు వెతకడం హిస్టెరోస్కోపీకి ముందే, కాన్పులతో మొదలైంది. ఎడిన్‌బరోలో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ 1847లో కాన్పుల్లో మొదట ఈథర్, తర్వాత క్లోరోఫాం వాడాడు. 1853లో జాన్ స్నో విక్టోరియా రాణికి కాన్పులో క్లోరోఫాం ఇచ్చాక, కాన్పుల్లో మత్తు మీద వచ్చిన విమర్శల జోరు తగ్గింది. ఆ మందు గుండెను ఆపుతుందా, ముందు ఊపిరినే ఆపుతుందా అన్న తగువు మాత్రం తేలలేదు. అది తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్నది మన హైదరాబాదులోనే. ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపాడు, నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించాడు. ఊపిరే ముందు ఆగుతుందని వాళ్లు తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు గుండెకూ ముప్పుందని చూపించాయి. ఆ కమిషన్ల కాలంలోనే హైదరాబాదు ఆసుపత్రుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే వైద్యురాలు రోగులకు క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆమేనని చెబుతారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో క్రోనిగ్, గౌస్ అనే వైద్యులు కాన్పుల్లో మార్ఫీన్‌తో స్కోపొలమిన్ కలిపి ఇచ్చారు. తల్లులు నొప్పి పడేవారు, అరిచేవారు. తర్వాత వారికి ఏదీ గుర్తుండేది కాదు. జ్ఞాపకం లేని నొప్పిని నొప్పి కాదనుకున్న ఆ వైద్యం ఇప్పుడు వింతగా తోస్తుంది.

మనసు వైపు నుంచి ప్రయత్నం తర్వాత వచ్చింది. భయం కండరాలను బిగిస్తుంది, బిగుతు నొప్పిని పెంచుతుంది అని ఇంగ్లండులో గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లో రాశాడు. 1951లో సోవియట్ దేశానికి వెళ్లొచ్చిన ఫెర్నాండ్ లమాజ్, అక్కడ చూసిన పద్ధతిని పారిస్‌లోని లోహ కార్మికుల ఆసుపత్రిలో మొదలుపెట్టాడు. లయగా శ్వాస తీయడం, దాని మీదే ధ్యాస నిలపడం ఆ పద్ధతి. కాన్పులో ఎవరెంత నిబ్బరంగా ఉన్నారో చూసి ఆయన శ్రేణులు కూడా ఇచ్చేవాడు. అరిచిన మనిషి తప్పినట్టే లెక్క. ధ్యాసకూ నొప్పికీ ఉన్న ముడికి 1965లో మెల్జాక్, వాల్ శాస్త్రాధారం చూపారు. వెన్నుపాములో నొప్పి కబుర్లకు ఒక తలుపు ఉందని, పైనుంచి మెదడు దాన్ని కొంత మూయగలదని వాళ్ల సిద్ధాంతం.

కళ్లద్దాల్లో కృత్రిమ లోకాన్ని చూపే వర్చువల్ రియాలిటీ ఈ దారిలోకి కాలిన గాయాల వార్డు నుంచి వచ్చింది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ 1990ల చివర్లో ఈ ప్రయోగాలు మొదలుపెట్టారు. కట్లు మార్చేటప్పుడు మార్ఫీన్ కూడా చాలని రోగులకు వాళ్లు స్నోవరల్డ్ అనే మంచులోయను చూపించారు. రోగి అందులో తేలిపోతూ మంచుమనుషుల మీద, పెంగ్విన్ల మీద మంచు ఉండలు విసురుతాడు. నిప్పుకు కాలిన వాడికి మంచును చూపడం ఊరికే కాదు, కావాలనే ఎంచుకున్నది. 2004లో ఆరోగ్యవంతులకు కాస్త వేడి తగిలించి, ఆ మంచులోయను చూపిస్తూ మెదడు స్కాన్ తీస్తే, నొప్పితో సంబంధమున్న ఐదు ప్రాంతాల్లో చలనం తగ్గింది. అయితే అప్పటి యంత్రాల ఖరీదు చిన్న ఆసుపత్రికి అందేది కాదు. 2012లో ఆక్యులస్ అనే సంస్థ వచ్చాక, ఆ తర్వాత ఫోను బిగించుకునే కళ్లద్దాలు దొరికాక ఆ అడ్డు తొలగింది.

హిస్టెరోస్కోపీ గదికి ఈ పరికరం చేరే సరికి అక్కడ పాత పద్ధతి ఒకటి ఉండనే ఉంది. నర్సు పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని, పిల్లల గురించో ప్రయాణాల గురించో మాటల్లో పెడుతుంది. బ్రిటన్ సిబ్బంది దీన్ని వోకల్ లోకల్ అంటారు, అంటే మాటలతో ఇచ్చే తిమ్మిరి మందు. కళ్లద్దాలు పెడితే ఆ మాటలకు చోటు తగ్గుతుంది. కళ్లు తిరిగి స్పృహ తప్పే ప్రమాదం ఈ పరీక్షలో ఉంది కాబట్టి, రోగి గొంతు సిబ్బందికి వినబడుతూనే ఉండాలి. వెల్లకిలా పడుకున్న మనిషి తల ఎక్కువ తిప్పకుండా చూడగలిగే నెమ్మదైన దృశ్యాలే పనికొస్తాయి. వేగంగా కదిలేవి వికారం తెప్పిస్తాయి.

లండన్‌లో 40 మంది స్త్రీలతో జరిపిన ప్రయోగం 2021లో బీజేఓజీ అనే వైద్య పత్రికలో అచ్చయింది. పదికి వేసిన సగటు నొప్పి మార్కు మామూలు పద్ధతిలో 6.0, కళ్లద్దాలు పెట్టుకున్నవారిలో 3.7. ఆందోళన కూడా తగ్గింది. తర్వాతి ప్రయోగాలన్నీ ఇదే మాట చెప్పలేదు, కొన్నింటిలో తేడా కనిపించలేదు. మాత్ర విషయంలో ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చవచ్చు, కళ్లద్దాల సంగతి మాత్రం పెట్టుకున్న మనిషికి తెలిసిపోతుంది. ఈ రంగంలో ప్రతి అంకెనూ ఆ పరిమితితోనే చదవాలి.

అదే కాలంలో బ్రిటన్‌లో, మత్తు లేకుండా పరీక్ష చేయించుకుని తీవ్రంగా బాధపడ్డ స్త్రీలు ప్రచారోద్యమం నడిపారు. అప్పటి ఎంపీ లిన్ బ్రౌన్ కామన్స్ సభలో వారి అనుభవాలను పలుమార్లు చదివి వినిపించారు. వాళ్లు ప్రధానంగా అడిగింది మూడు: ముందే నిజం చెప్పాలి, ఆపమన్న క్షణాన ఆపాలి, కావాలంటే మత్తు ఇవ్వాలి. వర్చువల్ రియాలిటీని ప్రయత్నించే చోట్ల కూడా పరీక్షకు ముందు వేసుకునే నొప్పి మాత్రను మానరు. ముఖద్వారం బాగా బిగుసుకుపోయిన వారికీ, మునుపు ఈ పరీక్షలో తీవ్రమైన నొప్పి పడ్డ వారికీ థియేటర్‌లో పూర్తి మత్తు ఇచ్చి చేసే దారి అలాగే ఉంది.