జబ్బ ఎముక విరిగిన పెద్దవాళ్ల కోసం

మా వేటపాలెంలో మగ్గం ఉన్న ఇళ్లలో డెబ్బై దాటిన ఆడవాళ్లు కూడా రాట్నం ముందు కూర్చుని కండెలు చుడతారు. మా వీధిలో ఒక మామ్మ గడప తట్టుకుని కుడి చేతి మీద పడింది. భుజం కింద ఎముక విరిగింది. మోచేతి దాకా కమిలి నల్లబడింది. ఆపరేషన్ అంటే ఆమెకు భయం లేదు. ఆమె అడిగింది ఒక్కటే: "మళ్లీ నా జుట్టు ముడి నేను వేసుకోగలనా?" ఈ విరుపుకు తరతరాలుగా సాగిన వైద్యాన్నంతా ఆ ప్రశ్నతోనే కొలవాలని నా నమ్మకం.

సుశ్రుత సంహితలో విరిగిన ఎముకలకు విడిగా ఒక అధ్యాయమే ఉంది. మేడి, రావి లాంటి చెట్ల పట్టలు పెట్టి కట్టమంటుంది. పుత్తూరు కట్టులోని ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు ఆ దారిలోవే. మన జిల్లాల నుంచీ ఎంతోమంది అక్కడికి వెళ్లారు. చాలామందికి ఎముక అతికింది కూడా. అయితే లోపల ముక్కలు ఎటు జరిగాయో చూసే దారి ఉండేది కాదు. 1895లో రోంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టాకే అది తెలిసింది.

ఈ ఎముక పైభాగం సాధారణంగా నాలుగు ముక్కల లెక్కన విరుగుతుందని బోస్టన్ డాక్టర్ కాడ్‌మన్ 1934లో తన పుస్తకంలో చూపించాడు. న్యూయార్క్‌లో చార్లెస్ నీర్ 1970లో దాన్నే కొలతగా మార్చాడు. ముక్క సెంటీమీటరు మించి జరిగినా, 45 డిగ్రీలు మించి తిరిగినా దాన్ని విడి ముక్కగా లెక్కించాలన్నాడు. ఇవాళ గుంటూరులో డాక్టర్లు "ఫోర్ పార్ట్" అంటే ఆ లెక్కే. ముక్కలు ఎక్కువైన కొద్దీ పైనున్న బంతికి రక్తం అందక అది చచ్చుబడే ప్రమాదం పెరుగుతుంది. అందుకే నీర్ 1950లలోనే ఆ బంతిని తీసి లోహపు బంతి పెట్టాడు. దానికి ముందే, 1893లో, పారిస్‌లో పెయాన్ క్షయ పట్టిన భుజానికి ప్లాటినం, రబ్బరుతో కృత్రిమ కీలు అమర్చాడు. చీము పట్టడంతో రెండేళ్లకు దాన్ని తీసెయ్యాల్సి వచ్చింది.

అసలు చిక్కు వయసుతోనే. ముసలి ఎముకలో స్క్రూ బిగించడం బెండులో మేకు దిగ్గొట్టినట్టే, పట్టు నిలవదు. 2000 తర్వాత స్క్రూ తల ప్లేటులోనే మరబిగిసే లాకింగ్ ప్లేట్లు వచ్చాయి. ఇక సమస్య తీరిందని లోకమంతా వాటిని తెగ వాడింది. కానీ కొందరిలో బంతి కుంగిపోయి స్క్రూ మొనలు కీలులోకి పొడుచుకొచ్చాయి, మళ్లీ కొయ్యాల్సి వచ్చింది.

2015లో బ్రిటన్ నుంచి వచ్చిన ఫలితం నన్ను ఆలోచనలో పడేసింది. 32 ఆస్పత్రుల్లో ముక్కలు జరిగిన 250 మందిలో సగం మందికి ఆపరేషన్ చేశారు, సగం మందికి చేతిని జోలెలో వేలాడదీశారు. రెండేళ్ల తర్వాత వాళ్ల చేతుల పనితనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కీలు తప్పిన కేసులను, ఆపరేషన్ తప్పనిసరైన వాళ్లను ఆ పరిశోధనలో చేర్చలేదని మరిచిపోకూడదు.

బాగా నలిగిన విరుపులకు ఇప్పుడు ఇంకో దారి ఉంది. ఫ్రాన్స్‌లో గ్రామోన్ 1985లో కీలును తిరగేశాడు: బంతి ఉండే చోట గిన్నె, గిన్నె ఉండే చోట బంతి. లోపలి కండరాల స్నాయువులు తెగినా పైనున్న పెద్ద భుజం కండరమే చేతిని ఎత్తుతుంది. 65 నుంచి 85 ఏళ్ల వయసున్న 124 మందిని పరిశీలించిన నార్వే డాక్టర్లు, ఇలాంటి విరుపులకు ప్లేటు కంటే ఇదే మేలని 2020లో చెప్పారు. ఖర్చు మాత్రం నేత ఇంటికి మోయలేని బరువు.

మామ్మకు ఆపరేషన్ చేయలేదు. మూడు వారాలు జోలె వేసి, తర్వాత ముందుకు వంగి చేతిని గంట నాలుకలా ఊపమన్నారు. ఆ వ్యాయామం కాడ్‌మన్ నేర్పినదే. మొదట్లో కన్నీళ్లు పెట్టుకుంది, అయినా మానలేదు. నాలుగో నెలలో ముడి వేసుకుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు పడితే వెంటనే ఎక్స్‌రే తీయించండి. ఆ భుజానికి మాలిష్ చేయించకండి. కోత వద్దంటే ఎందుకు వద్దో, కావాలంటే ఎందుకు కావాలో డాక్టరును అడగండి. చెయ్యి కదపమన్న రోజున భయపడి ఆపకండి. ఎముకల బలం పరీక్ష కూడా చేయించండి, ఒకసారి పడినవాళ్లు మళ్లీ పడే ప్రమాదం ఎక్కువ.