గుంజేటోనికి ఓపిక, వెనుకోనికి విడిచే చెయ్యి

ఇటు మంట దిక్కు జరిగి కూసో బిడ్డా. ఆదివారమైతే డర్ట్ బైకు ఏసుకొని తుర్కపల్లి దిక్కు, లాల్‌గడి మలక్‌పేట దిక్కు రాళ్ళబాటలు పట్టి తిరుగుతున్నవని మీ అమ్మ చెప్పింది. మొన్న నీ దోస్తు బండి ఆగిపోతే తాడు కట్టి గుంజుకొచ్చినవట. తాడు యాడ కట్టినవురా అంటే చెప్పకుండ నవ్వుతున్నవు. ఆ నవ్వు చూస్తెనే నాకు బుగులైంది. నా ముచ్చట పొడుగని నీకు ఎరుకే. సెల్లు జేబుల పెట్టుకొని విను.

మా కాలంల మేడ్చల్ అంటే ద్రాక్ష తోటలు. ఇటు శామీర్‌పేట, అటు కీసర దాకా పందిళ్ళే పందిళ్ళు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను తెల్లారకముందే గంపలకెత్తి సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు పంపుతుండిరి. తోట ఉన్న రైతుకు రాజ్‌దూత్ బండి, జర గట్టి రైతుకు బుల్లెట్టు, పట్నంల నౌకరున్నోనికి ఎజ్డీ. బజాజ్ స్కూటరు కావాల్నంటే పైసలు కట్టి ఏండ్లకు ఏండ్లు ఎదురుచూడాలె. లగ్గం కుదిరినప్పుడు రాయించుకుంటే పిల్లగాడు బడికి పోయే యాళ్ళకు బండి ఇంటికొచ్చేది. 1990ల గల్ఫ్ కొట్లాట రాకముందు పెట్రోలు లీటరుకు పది రూపాయలకు అటు ఇటే. నువ్వు నవ్వకు, ఆ పది సుత మాకు బరువే. అందుకే లీటరు, అర్ధ లీటరు పోయించుకునే అలవాటు. ఆ అలవాటే సగం బండ్లను నడిదారిల నిలబెట్టేది.

ద్రాక్షల దిక్కు పోతే నాకు మళ్ళ రాబుద్ధి కాదు. బండి కాడికి వద్దాం.

బండి ఆగంగనే తాడు కోసం ఉరికేటోడు తెలివితక్కువోడు. పాత బండైతే మొదలు చూడాల్సింది ట్యాంకు కింది పెట్రోలు కాక్. ఒకాయన శామీర్‌పేట కాడ ఆగిన రాజ్‌దూత్‌ను ఇంకో బండితోని మేడ్చల్ మెకానిక్ దాకా గుంజిపిచ్చుకొచ్చిండు. చెమటలు, దుమ్ము, అలసట. మెకానిక్ వంగి, కాక్‌ను రిజర్వుకు తిప్పి, కిక్కు కొట్టిండు. బండి లేచింది. చంకల పిల్లను పెట్టుకొని ఊరంతా దేవులాడుడంటే అదే. రిజర్వు చూసినంక ప్లగ్గు చూడాలె. టూ-స్ట్రోకు బండికి పెట్రోల్ల ఆయిలు కలుపుతరు గదా, అది ఎక్కువైతే ప్లగ్గు కొనకు మసి పడుతది. విప్పి, గీకి, తుడిచి పెడితే చానా బండ్లు అక్కడ్నే బతుకుతయి.

బతకకపోతే రెండు తొవ్వలు. ఒకటి కాలు పెట్టి తోసుడు. పట్నంల ఇప్పటికీ చూస్తున్నవు. ఆగిన బండి ఎడమకు, తోసేటోడు దానికి కుడి దిక్కు జర వెనుక, ఎడమకాలు ముందు బండి ఫుట్‌రెస్టు మీద. ఇయ్యాల్టి బండ్లకు బ్రేకు కుడికాలు కింద ఉంటది కాబట్టి సాగుతది. పాత బుల్లెట్టుకు గేరు కుడి దిక్కు, బ్రేకు ఎడమ దిక్కు. ఎడమకాలు తోసుడుకు ఇస్తే బ్రేకు ఎవడు తొక్కాలె? ఈ సంగతి మరిచి మురికి కాల్వల పడ్డోళ్ళు ఉన్నరు. ఇప్పటి బండైనా సరే, కాలు జారితే ఇద్దరూ పడుతరు. సైలెన్సరు మీద ఆనితే చెప్పు కాలుతది. చదును రోడ్డు మీద నాలుగడుగులకు సరే, దూరానికి పనికిరాదు.

రెండోది తాడు. ఇక్కడ జర చెవి ఇటు పెట్టు. ముందు బండికి తాడును కింద, వెనుక ఫుట్‌రెస్టు కాడి ఫ్రేముకు ముడెయ్యాలె. క్యారియరుకు వద్దు, లైటు దిక్కు వద్దు, చైనుకు, చక్రానికి తగలొద్దు. వెనుక బండికి మాత్రం ముడే వెయ్యొద్దు. హ్యాండిలు నడుమ ఒక్క చుట్టు చుట్టి, కొసను ఎడమచేత్తోని పిడికి అదిమి పట్టుకోవాలె. లేకుంటే ఫుట్‌రెస్టుకు చుట్టి బూటు కింద తొక్కి పెట్టాలె. బండి వంకరపోయిన క్షణంల చెయ్యి విడిస్తే తాడు దానంతట అదే జారిపోవాలె. ముడేసుకుంటే ముందటోడు పడితే నువ్వు పడతవు, నువ్వు పడితే ఆయన పడతడు.

తోట పందిరి తీగతోని గుంజినోళ్ళు సుత ఉండిరి. ఇనుప తీగకు సాగుడు లేదు, ఒక్క గుంజుకు తెగి మొకం మీదికి కొడుతది. బాయి కాడి పగ్గమో, గట్టి నైలాన్ తాడో ఉండాలె. దానికి నడుమ ఎర్ర గుడ్డ కట్టుర్రి. లేకుంటే రెండు బండ్ల నడుమకెల్లి దాటబోయేటోనికి తాడు కానరాదు.

తాడును మెల్లగ బిగబట్టినంకనే ముందటోడు క్లచ్చు పూర్తిగ విడవాలె. వెనుక బండి న్యూట్రల్ల ఉండాలె. బ్రేకు పని ఎక్కువ వెనుకోనిదే. వెనుక బ్రేకును సన్నగ తొక్కుకుంట తాడును ఎప్పుడు బిగువుగ ఉంచాలె. తాడు వదులైతే ముందు చక్రంల చుట్టుకుంటది, అసలు గండం అదే. అందుకే శామీర్‌పేట చెరువు కట్ట దిగేటప్పుడు తాడు విప్పేసి, ఎవని బండిని వాడు దించుకుంటుండిరి. చెయ్యి లేపితే ఆగుడు, అరిస్తే విడుచుడు, ఈ గుర్తులు బయలెల్లకముందే మాట్లాడుకోవాలె. సర్కారు సుత మోటారు బండ్లను గుంజుడుకు లెక్క పెట్టింది. 2017 దాకా నడిచిన 1989 రోడ్డు నియమాలల్ల రెండు బండ్ల నడుమ 5 మీటర్లు దాటొద్దని, గంటకు 24 కిలోమీటర్లు మించొద్దని, వెనుక బండి మీద లైసెన్సున్న మనిషి ఉండాలని రాసిన్రు. తాడు బండికి అంతకంటె తక్కువే మేలు. పరుగెత్తి పాలు తాగేకంటె నిలబడి నీళ్ళు తాగుడు మంచిది.

కొన్ని చోట్ల తాడు మాటే ఎత్తొద్దు. నాగ్‌పూర్ రోడ్డు మీద, రాజీవ్ రహదారి మీద లారీల నడుమ వద్దు. పొద్దుగూకినంక వద్దు, ఇంజను ఆగితే లైటు సుత ఆరిపోయే బండ్లు ఇప్పటికీ ఉన్నయి. హ్యాండిలు వంగినా, బ్రేకు పోయినా, వెనుక చక్రం జామైనా ట్రాలీ ఆటోను పిలువు. దానికిచ్చే కిరాయి దవాఖాన బిల్లు కంటె తక్కువే. తెగేదాకా గుంజొద్దన్న పెద్దల మాట తాడుకూ వర్తిస్తది.

మర్యాద ముచ్చటొక్కటి చెప్పి విడుస్త. గుంజినోడు పైసలు తీసుకోకపోతుండె. ఇయ్యబోతే కోపం చేస్తుండె. హోటల్ల కూసోబెట్టి చాయ్ తాపిచ్చుడే లెక్క. రూపాయి ఇస్తే చాయ్ వచ్చి చిల్లర సుత మిగిలేది. ఇంకో బాకీ ఉండేది, అది చాయ్‌తోని తీరకపోతుండె. రేపు నీకు దారిల ఎవరి బండన్న ఆగి కనబడితే నువ్వూ ఆగాలె. నువ్వు సుత అట్లనే ఆగు బిడ్డా. దిగంగనే తాడు తియ్యకు, మొదలు రిజర్వు తిప్పిన్రా అని అడుగు.