జీర్ణనగర ఛాయాపటములు

నగరవర్ణనము కావ్యమునకు నావశ్యకాంగమని యాలంకారికులు విధించిరి. అష్టాదశవర్ణనములలో నగరమే మొదటిది. కావునఁ బ్రబంధములందుఁ గోటయు, నగడ్తయు, మేడలును, నుద్యానములును దప్పక వర్ణింపఁబడును. మురుగుకాలువ మాత్రము వర్ణింపఁబడదు. పాశ్చాత్య చిత్రకారుల యాచారమును జిరకాలము దీనికి భిన్నముగా లేదు. 18వ శతాబ్దియందుఁ బిరనేసి యను నిటలీదేశీయుఁడు రోమునగర శిథిలములను రాగిరేకులపైఁ జిత్రించి యచ్చొత్తించెను గాని యవి చక్రవర్తుల కట్టడముల శిథిలములు. కూలినను గౌరవము చెడనివి. పేదవారు కాఁపురముండఁగానే కుళ్లుచున్న యిండ్లను వెదకికొనిపోయి పటముల కెక్కించుట వేఱొక పని. అది యెప్పుడు, ఎవరి యాజ్ఞచేత, ఏ ప్రయోజనమునకై మొదలయ్యెనో యిచట విచారింతము.

జీర్ణశబ్దమును గూర్చి యొకమాట. వయోహాని యర్థముగాఁ గల జౄ ధాతువునకు నిష్ఠాప్రత్యయము చేరఁగాఁ దకారము నకారమై, యది ణత్వమునొంది యీ రూపము సిద్ధించినది. కావున జీర్ణమనఁగా వయస్సుచే నరిగినది, దోషము కాలముది. ఇచటఁ జెప్పఁబోవు నిండ్లలోఁ బెక్కింటి దుస్థితికి వయస్సుకంటె నద్దెలయాసయే హెచ్చు కారణము. అయినను లోకవ్యవహారము ననుసరించి యా పదమునే వాడుచున్నాఁడను.

స్కాట్లండుదేశమునఁ గ్లైడునదీతీరమందలి గ్లాస్గోనగరము పొగాకు వర్తకముచేఁ బెరిగి, పిదప నూలుమిల్లులచేతను, ఇనుపపనులచేతను, ఓడల నిర్మాణముచేతను బలిసినది. 1801లో నచటి జనసంఖ్య 77 వేలు. 1861లో 3 లక్షల 95 వేలు. ధనికులు పడమటిదిక్కునకుఁ దరలిపోయిరి. హైస్ట్రీటు, సాల్టుమార్కెట్టు, గాలోగేటు మొదలైన వీథులలో వారు విడిచిన యిండ్లు గదులు గదులుగాఁ జీల్పఁబడి యద్దెకీయఁబడెను. పెరటిదొడ్లలో సైతము అంతస్తులమీఁద నంతస్తులు లేచెను. వీథినుండి వీనిలోనికిఁ బోవు నిఱుకుదారిని నచటివారు ‘క్లోస్’ అందురు. ఆ మాట, మూయఁబడినదను నర్థముగల లాటినుపదమునుండి పుట్టినది. మన సందు సంధిశబ్దభవము. వారు గోడలను జూచి పేరిడిరి, మనము గోడల కలయికను జూచితిమి. వస్తువొక్కటియే గాన నిఁకమీఁద సందనియే వ్రాయుదును.

ఆ సందులలో గాలి కొలఁదగిన వస్తువైనది. ఇది యతిశయోక్తి గాదు. 1862 నాఁటి పోలీసుచట్టముప్రకారము 2000 ఘనపుటడుగులకు మించని చిన్నయిండ్లను గొలిచి, యొక్కొక్క పెద్దమనిషికి 300 ఘనపుటడుగుల చొప్పున లెక్కగట్టి, యా యింట నెందఱు నిద్రింపవచ్చునో తెలుపు బిళ్లను దలుపునకుఁ గొట్టుచుండిరి. రాత్రివేళ నుద్యోగులు వచ్చి తలలు లెక్కించెడివారు. బిళ్లకు మించినవారు బీరువాలలోను, మంచముల క్రిందను, ఇంటికప్పులమీఁదను దాఁగెడివారు.

1866లో నగరాభివృద్ధి చట్టము పుట్టినది. నగరమధ్యమున సుమారు 88 యకరముల నేలను, దానిపై నివసించు నించుమించు 50 వేల జనమునకు సంబంధించిన యిండ్లను గొని పడగొట్టుటకు నొక ధర్మకర్తలసంఘమున కధికార మీయఁబడెను. దీనికై పన్ను విధింపఁబడఁగాఁ బురజనులు కోపించి, యా చట్టమునకు మూలపురుషుఁడైన నగరాధ్యక్షుఁడు జాన్ బ్లాకీని నా సంవత్సరపు టెన్నికలోనే యోడించిరి. ఈ ధర్మకర్తలు 1868లో థామస్ ఆనన్ అను ఛాయాగ్రాహకుని రావించి, పడగొట్టఁబోవు సందులను బటములు దీయుమని నియోగించిరి. కూల్చువాఁడే కూలునదానికి జ్ఞాపకచిహ్నము చేయించుట యిందలి విశేషము.

ఆనన్ 1829లో ఫైఫు మండలమునఁ బుట్టినవాఁడు; మొదట శిలాముద్రణపుఁ బనివాఁడు. నాఁటి ఛాయాగ్రహణము నేఁటివలె వ్రేలితో నొక్కు పని గాదు. గాజుపలకపైఁ గొలోడియను పూసి, వెండిలవణపు నీట ముంచి, తడియాఱకముందే పేటికలోఁ బెట్టి వెలుఁగు చూపవలయును. తడియాఱకముందే చీఁకటిలోఁ గడిగి రూపము తేల్పవలయును. సందులో వెలుఁగు పైనుండి చీలికవలె మాత్రము దిగును. కావున మూత చాలసేపు తెఱచియుంచవలసి వచ్చెను. అందుచేత నిలిచినది నిలిచినట్లు పడినది: తడిరాళ్లు, నడుమ మురుగుకాలువ, అడ్డముగాఁ గట్టిన కఱ్ఱలపై నాఱవేసిన బట్టలు, మెట్లు. కదలినది పొగయైనది. కొన్ని పటములలో గోడప్రక్క నిలిచిన పిల్లలకు దేహములున్నవి, ముఖములు లేవు. దీనిని గొందఱు విమర్శకులు బీదల యనామకత్వమునకు సంకేతముగా వ్యాఖ్యానింతురు. నా కది యెక్కుడు మాటగాఁ దోఁచును. పిల్లవాఁడు కదలెను, అంతే.

అనామకత్వమునకు సరియైన ప్రమాణము వేఱొకచోటఁ గలదు. ఆనన్ ఆ కాలముననే మఱి రెండు గ్రంథములకుఁ బటములు దీసెను. ఒకటి గ్లాస్గో పూర్వధనికుల పల్లెటూరి భవనములను గూర్చినది, 1870లోఁ బ్రకటితము. రెండవది హైస్ట్రీటులోని ప్రాచీన విద్యాపీఠమును గూర్చినది, 1871లోనిది. మొదటిదానిలో 100 పటములకు నూఱు భవనచరిత్రలు గలవు: ఎవరు కట్టించిరి, ఎవరి కూఁతు నెవరు పెండ్లాడిరి, ఆస్తి యెవరికిఁ జేరెను. ఇఁక సందుల సంపుటమున, 1871లోఁ గూర్పఁబడిన 31 పటములలో, ‘హైస్ట్రీటు 118వ సంఖ్య సందు’, ‘సాల్టుమార్కెట్టు 46వ సంఖ్య సందు’ అని తలకట్టు మాత్రమే కలదు. వ్యాఖ్యానము లేదు. ఒకే చేయి, ఒకే పేటిక, ఒకే దశకము. భవనమునకు వంశావళి, సందునకు సంఖ్య. పేర్లు లేకపోవుట కదలికవలన నైనది గాదు, అడుగకపోవుటవలన నైనది. ఆనన్ దీనజనబంధువని పొగడువారును, నిర్దయుఁడగు నుద్యోగియని నిందించువారును గలరు. మౌనమునుండి మనస్సును సాధింపరాదు గాన నీ రెండును నిలువవు. పని చెప్పినవారు గోడల నడిగిరి, అతఁడు గోడల నిచ్చెను.

తాళపత్రప్రతులతోఁ బరిచయముగల మన పత్రికాపాఠకుల కింకొక విషయము రుచింపవచ్చును. ఛాయాపటమునకుఁ బాఠాంతరములు లేవని లోకుల నమ్మకము. ఆనన్ పటములకవి కలవు. 1877 ప్రాంతమున నివి కర్బనపద్ధతిని 40 పటములుగా మరల నచ్చువేయఁబడెను. 1900లో, ఆనన్ చనిపోయిన 13 ఏండ్లకు, ఆతని కుమారుఁడు జేమ్స్ క్రెయిగ్ ఆనన్ లోహముద్రణపద్ధతిని 50 పటములుగాఁ బ్రకటించెను. వీనిని మొదటి ప్రతులతోఁ బోల్చినవారికిఁ గొన్నింటి యాకాశమున లేని మబ్బులు కనఁబడును; ఆఱవేసిన బట్టలు తెల్లబడినవి. లేఖకుఁడు పద్యమును దిద్దినట్లు శిల్పి సందును దిద్దెను. కంపు దీసివేసిన కొలఁది యందము హెచ్చెను. కావున గ్లాస్గో సందులు సుందరములని తీర్పు చెప్పువారు ముందుగాఁ దాము చూచిన ప్రతి యేదో చెప్పవలయును.

1870లో విద్యాపీఠము హైస్ట్రీటును విడిచి పడమటికి లేచిపోయినది. దాని చోటు రైలుకంపెనీకి సరకులదొడ్డియైనది. ధర్మకర్తలు కొన్ని సందులఁ బడగొట్టిరి. 1878లో గ్లాస్గో నగరపు బ్యాంకు కూలఁగానే భూములు కొనువారు లేక పని కుంటుపడెను. పడగొట్టవలసిన యిండ్లకుఁ దామే యద్దెలు వసూలుచేయుచు ధర్మకర్తలు పాతయింటి యజమానులైరి.

పారిసునగరమునను దాదాపుగా నీ కాలముననే యిట్టిది జరిగెను. హౌస్‌మన్ అను నధికారి 1853 మొదలు 1870 వఱకు నా నగరమును జీల్చి పెద్దవీథులు వేయించెను. కూలఁబోవు పాతవీథులను షార్ల్ మార్విల్ 425 పటములలో నెత్తెను. ఈతని యసలు పేరు బోసూ. వారి భాషలో గూనివాఁడని యర్థము. ఎగతాళి కోపలేక యౌవనముననే పేరు మార్చుకొనెనఁట. వికృతనామమును వదలించుకొన్నవాఁడే వికృతవీథులకుఁ జిత్రకారుఁడగుట విధివిలాసము. లండనునందు 1875లో నేర్పడిన యొక సంఘము మాత్రము విపరీతమార్గమునఁ బోయినది. ఆక్స్‌ఫర్డు ఆర్మ్స్ అను పాత సత్రము కూలునని తెలిసి, దానిని బ్రేమించువారు దీయించిన పటములతో నది మొదలై, 1886 వఱకు 120 పటములు వెలువరించెను. పటము గ్లాస్గోలోఁ గూల్చుటకు సాధనము, లండనునందుఁ గూల్చుటపై విలాపము.

న్యూయార్కున జేకబ్ రీస్ అను విలేఖరి 1887 మొదలు మెగ్నీషియపుఁ బొడిని వెలిఁగించి, పగలును జీఁకటియైన గదులలోఁ బటములు దీయించెను, దీసెను. 1890లో నాతని గ్రంథము వెలువడినది. మల్బెరీ బెండు అను దుర్వాటిక పడగొట్టఁబడి 1897లోఁ దోటయైనది. అతఁడు నిదురించువారిని వెలుఁగుతో నదరఁగొట్టి చిత్రించెను; అనుమతి యడుగుట యతని శాస్త్రమునందు లేదు.

గ్లాస్గో చట్టపుఁ బద్ధతి సముద్రము దాఁటినది. 1896లో బొంబాయిని మహామారి పట్టఁగా 1898లో నచట నభివృద్ధిసంఘ మేర్పడెను. దానికి గ్లాస్గోసంఘము మాతృక. హైదరాబాదున 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి నగరమును ముంచిన పిదప, 1912లో నగరాభివృద్ధి మండలి స్థాపింపఁబడినది. నేఁటి పత్తర్‌గట్టి ఱాతి యంగళ్లవరుస దాని పనియే. రాజా దీనదయాళు 1905లోనే చనిపోయెను. ఆయన కీర్తి సౌధముల, మృగయావిహారముల, రాజకుటుంబముల పటములపై నిలిచినది. ఈ కూల్చు పద్ధతిని మన దేశమున గట్టిగా నెదిర్చినవాఁడు మరల నొక స్కాట్లండువాఁడే. పాట్రిక్ గెడ్డిస్ 1914 తరువాత మన నగరములు పెక్కింటఁ దిరిగి, తంజావూరు మొదలగుచోట్లఁ దిన్నని వీథులకై యిండ్లు పడగొట్టుట దండుగయనియు, శిథిలమైన యొకటి రెండిండ్లను మాత్రము దీసి గాలి వదలిన నిరుగుపొరుగు చెడకయుండుననియు వాదించెను. వైద్యుఁడు వ్రణమును గోసినట్లు కోయవలయునని యాతని మతము.

కుత్సితవస్తువుఁ జూచి యానందించుట యెట్లను ప్రశ్న మనవారికిఁ గొత్త గాదు. భరతముని బీభత్సమును రసములలోఁ బరిగణించి జుగుప్సను దానికి స్థాయిగాఁ జెప్పెను. లోకమున జుగుప్స పరుగెత్తించును. నాట్యమున నది సాధారణీకృతమై కూర్చుండఁబెట్టును. ఛాయాపటమునకు రూపము కలదు, గంధము లేదు. కావున నచట నీ మార్పు మిక్కిలి సులభము. కాని నాట్యమునందలి పాత్ర కల్పితము, సందులోని పిల్ల వాస్తవము. సాధారణీకరణమున నామము తొలఁగుట నటునకు మేలు. ఇంటిపన్ను కట్టుచు నద్దెకున్నవారి కది నష్టము. ఈ భేదమును బాటింపక రసశాస్త్రమును ఛాయాపటములకుఁ జుట్టబెట్టుట యసంగతము.

ఈ విషయమై యమెరికాలోని డెట్రాయిటునందు వివాదము పెరిగినది. మోటారుబండ్ల పరిశ్రమతో వెలిఁగిన యా నగరమున 1950లో 18 లక్షల 49 వేల జనముండఁగా 2020లో 6 లక్షల 39 వేలు మిగిలెను. 1913లోఁ దెఱవఁబడిన మిషిగన్ సెంట్రల్ రైలునిలయమునుండి 1988లోఁ దుదిబండి పోయినది. అద్దములు పగిలిన యా కట్టడమును జిత్రించుటకు దేశదేశములనుండి ఛాయాగ్రాహకులు వచ్చిరి. 2010లోఁ బారిసువా రిరువురు పెద్ద పుస్తకమే ప్రకటించిరి. ఊరివారు దీనిని శిథిలకాముకత్వమని నిందించిరి. పటములలో మనుష్యులు లేరు, అచట నింకను లక్షలమంది యుండిరి గదా యని వారి యాక్షేపము. ఫోర్డు కంపెనీవారు 2018లో నా నిలయమును గొని బాగుచేయించి 2024 జూనులోఁ దెఱచిరి. కమిలో హోసే వెర్గారా యను చిలీదేశమునఁ బుట్టిన ఛాయాగ్రాహకుని పద్ధతి వీరికంటె మేలైనది. అతఁడు 1970ల నుండి యమెరికా పేటలలో నొకే మూలకుఁ బలుమాఱు పోయి, యొకే తావునుండి యేండ్లతరబడిఁ బటములు దీసెను. అందు ఇల్లు దుకాణమగుట, దుకాణము ప్రార్థనామందిరమగుట, అది బీడగుట వరుసగాఁ గానవచ్చును.

మచిలీపట్టణమునను, రాజమహేంద్రవరమునను, హైదరాబాదు పాతబస్తీలోను గూలుచున్న యిండ్లను దీయు యువకులిప్పుడు కలరు. చేతి యంత్రముతోనే తీయుదురు. పాఠశాలలలోని పండితులు వారిచే నీ క్రమమును బాటింపఁజేయుట కష్టముగాదు. పటము వెనుక వీథిపేరు, వాడుకపేరు, తేదీ, నిలిచిన తావు, ఇంటివారి యనుమతి, వారు చెప్పనిచ్చినచోఁ గాఁపురమున్నవారి వృత్తి, ఎన్ని తరములుగా నున్నదియు వ్రాయవలయును. మరుసటి యేఁడు అదే మాసమున నదే తావునుండి మరల దీయవలయును. మబ్బులు చేర్చరాదు.