తొమ్మిదో పేరు

పోయిన సంవత్సరం సాఫ్ట్‌బాల్ పోటీకి మా బడి నుంచి ఎనిమిది మందిమే పోయినాము. తొమ్మిదో అమ్మాయికి ఆ పొద్దు జ్వరం. మా తెలుగు మీడియంలో పిల్లకాయలే తక్కువ, బదులుగా దించడానికి ఇంకొకరు లేరు. ఎనిమిది మందితో ఆడొచ్చని అంపైరు ఒప్పుకున్నారు. కానీ బ్యాటింగ్ వరుసలో తొమ్మిదో చోటు వచ్చిన ప్రతిసారీ ఒక ఔటు రాస్తామన్నారు.

ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు వెనకబడి ఉన్నాము. రెండు ఔట్లు అయిపోయినాయి. నేను మూడో బేస్ మీద, నా స్నేహితురాలు రెండో బేస్ మీద. ఎనిమిదో అమ్మాయికి నాలుగు బాల్స్ పడితే మొదటి బేస్‌కు నడిచింది. మూడు బేసులూ నిండినాయని మేము కేకలు వేస్తూ ఉంటే అంపైరు చెయ్యెత్తి ఔటన్నారు. తొమ్మిదో చోటు వచ్చింది, అక్కడ ఎవరూ లేరు. ఆట అయిపోయింది.

మరుసటి రోజు జ్వరం తగ్గి వచ్చిన అమ్మాయితో "నీవల్లే ఓడినాము" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పీటీ సార్ ఆ మాట విన్నారు. "రాని మనిషి ఎట్లా ఔటవుతుంది సార్?" అని నేను అడిగితే, "ఆ రూలు ఎక్కడి నుంచి వచ్చిందో చదివి రాయి, తర్వాత మాట్లాడుదాం" అన్నారు. అందుకే ఈ వ్యాసం.

సాఫ్ట్‌బాల్‌కు తల్లి బేస్‌బాల్. న్యూయార్కులో నికర్‌బాకర్ అనే క్లబ్బు 1845లో ఆ ఆటకు నిబంధనలు రాసుకుంది. ఆటగాళ్ళు వరుస తప్పకుండా తమ వంతులో కొట్టాలని అందులో ఉంది. ఈనాటి బ్యాటింగ్ వరుసకు అదే మూలం. ఎంత గట్టిగా కొట్టేవాడైనా తన వంతు వచ్చేదాకా ఆగాలి. రెండు పక్షాలూ వీలైనంత సమానంగా ఉండేట్టు కెప్టెన్లు జట్లు కట్టాలని కూడా రాసుకున్నారు. మనం చెడుగుడులో ఉద్దీలు పంచుకున్నట్టే ఇది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొక నిబంధన. పెట్టిన వేళకు సభ్యులు చాలకపోతే, క్లబ్బులో లేనివాళ్ళను కూడా కలుపుకుని ఆడొచ్చు. తర్వాత సభ్యులు ఆలస్యంగా వస్తే, వాళ్ళ కోసం నడుస్తున్న ఆటను చెడగొట్టకూడదు. అంటే మనుషులు తక్కువ పడితే ఏం చెయ్యాలనే ఆలోచన మొదటి నుంచీ ఉంది. ఆట ఆగకపోవడమే వాళ్ళకు ముఖ్యం. జట్టుకు ఇంతమంది అనే లెక్క ఆ నిబంధనల్లో లేదు. 1857లో క్లబ్బులన్నీ కూడి జట్టుకు తొమ్మిది మంది, ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్ అని నిర్ణయించినాయి. తొమ్మిది అని గీత గీసినాకే ఎనిమిది తక్కువయింది.

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలో పుట్టింది. ఫారగట్ బోట్ క్లబ్బు హాల్లో కొందరు యేల్, హార్వర్డ్ ఫుట్‌బాల్ ఆట ఫలితం కోసం ఎదురుచూస్తూ, బాక్సింగ్ గ్లవ్వును బంతిగా, కర్రను బ్యాటుగా చేసుకుని ఆడినారు. జార్జ్ హాంకాక్ దానికి నిబంధనలు పెట్టినారు. 1895లో మినియాపొలిస్‌లో లూయిస్ రోబర్ అనే అగ్నిమాపక ఉద్యోగి తోటివాళ్ళ వ్యాయామం కోసం అట్లాంటి ఆటనే ఆడించినారు. సాఫ్ట్‌బాల్ అనే పేరు 1926లో వాల్టర్ హకన్‌సన్ సూచించినారు. ఈనాడు ఫాస్ట్ పిచ్‌లో తొమ్మిది మంది ఆడితే, స్లో పిచ్‌లో పది మంది. తొమ్మిది అనేది మనుషులు పెట్టుకున్న లెక్కే అని దీన్నిబట్టి నాకు అర్థమైంది.

ఇక పిల్లల సంగతి. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ మూడు జట్లతో లిటిల్ లీగ్ మొదలుపెట్టినారు. అది మగపిల్లలకే. 1972లో హోబోకెన్ ఊరిలో మరియా పెపె అనే పన్నెండేళ్ళ అమ్మాయి మూడు ఆటలు ఆడినాక ఆమెను ఆపించినారు. కేసు నడిచింది. 1974కల్లా ఆడపిల్లలకు దారి తెరుచుకుంది, ఆ ఏడే లిటిల్ లీగ్ సాఫ్ట్‌బాల్ కూడా మొదలయింది. కానీ అప్పటికి మరియా వయసు దాటిపోయింది. నికర్‌బాకర్ క్లబ్బు 1846లో పేరుపొందిన ఆట ఆడింది కూడా ఆ హోబోకెన్‌లోనే.

లిటిల్ లీగ్‌లో ఊరి స్థాయి ఆటలకు ఒక పద్ధతి ఉంది. వచ్చిన పిల్లలందరి పేర్లూ బ్యాటింగ్ వరుసలో రాస్తారు. పన్నెండు మంది వస్తే పన్నెండు మందీ కొడతారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ పేరు వరుస చివర చేరుస్తారు. దెబ్బ తగిలో, ఒళ్ళు బాగాలేకో మధ్యలో పోయినవాళ్ళ వంతును దాటేస్తారు, ఔటు రాయరు. మొదట్లోనే తొమ్మిది మంది లేకపోయినా ఓడినట్టు వెంటనే రాయరు, లీగ్ పెద్దలు కూర్చుని తేలుస్తారు. అమెరికా హైస్కూలు పోటీల్లో మాత్రం మాకు జరిగినట్టే. తొమ్మిది మందితో మొదలుపెట్టి ఎనిమిదికి తగ్గితే, ఖాళీ చోటుకు ఔటు.

ఇదంతా సార్‌కు చూపించి, "ఔటు రాయడం అన్యాయం కదా సార్?" అన్నాను. సార్ ఇట్లా చెప్పినారు: "ఔటు లేకపోతే ఏమవుతుందో చూడు. ఒక జట్టు తన బలహీనమైన ఆటగత్తెను ఇంట్లో ఉండమంటుంది. అప్పుడు బాగా కొట్టేవాళ్ళకు వంతు తొందరగా వస్తుంది. ఎవరినీ వదిలిపెట్టకుండా ఉండడానికే ఆ ఔటు." నేనట్లా ఆలోచించలేదు. అయినా కప్పు కోసం ఆడే పోటీకి ఒక న్యాయం, ఆట నేర్చుకునే పిల్లలకు ఒక న్యాయం ఉండొచ్చని నాకనిపిస్తుంది. జ్వరం వచ్చిన అమ్మాయి మోసం చెయ్యలేదు కదా.

ఇప్పుడు సాయంత్రం ఆటలో మేము అందరి పేర్లూ రాసుకుంటున్నాము. ఆరో తరగతి పిల్లకాయలను ఇన్నాళ్ళూ ఆటలో అరటిపండుగా ఉంచేవాళ్ళము. పరుగెత్తనిచ్చేవాళ్ళము గానీ లెక్కలో వేసేవాళ్ళము కాదు. ఇప్పుడు వాళ్ళకూ వంతు వస్తుంది, వాళ్ళ ఔటూ ఔటే. వచ్చే సంవత్సరం పోటీకి తొమ్మిది కంటే ఎక్కువ మందిమే పోతాము.

ఆ అమ్మాయికి సారీ చెప్పినాను. పుస్తకంలో వరుస రాసేది ఇప్పుడు ఆమే. తన పేరు తొమ్మిదో చోటులోనే రాసుకుంటుంది.